రౌండ్ బ్లేడుకు సాన పట్టబోయి మేము నేర్చుకున్న లెక్క

ఇక్కడ రోజూ నోటిఫికేషన్ల గురించి, స్కాలర్‌షిప్‌ల గురించి, హాస్టల్ సమస్యల గురించి చదువుతుంటాం. మేము రాసేది మాత్రం ఒక చిన్న బ్లేడు గురించి. గిదేం ముచ్చట అనుకోకుండా చివరిదాకా చదవండి. మిషన్ కుట్టుకుంటూ చదువుకునే ఆడపిల్లలు మనలో చానామంది ఉన్నారు. వాళ్లకైనా పనికొస్తుందని రాస్తున్నాం.

మేము ముగ్గురం. ముగ్గురివీ దేవరకొండ వైపు తండాలే. గిరిజన గురుకులంలో ఒకే డార్మిటరీలో పెరిగాం. ఇప్పుడు హైదరాబాద్ అశోక్‌నగర్‌లో ఒక రూము తీసుకుని పోటీ పరీక్షలకు చదువుతున్నాం. పెద్దామె బీకామ్, మధ్యలో ఆమె బీఎస్సీ మ్యాథ్స్. చిన్నామె పోయినేడే డిగ్రీ అయిపోయి మా దగ్గరికి వచ్చింది. కరెంటుతో కలిపి కిరాయి నెలకు 7,500. అంటే ఒక్కొక్కరికి 2,500. తిండికి బియ్యం, పప్పు, కారం ఇంటి నుంచి వస్తాయి. పైసలు మాత్రం రావు. చిన్నామె ఇంట్లో అయితే ముందే చెప్పి పంపారు: "నీ కిరాయి నువ్వు కట్టుకున్నన్ని రోజులు ఉండు. మమ్మల్ని పైసలు అడిగిన రోజు బస్సెక్కి వచ్చెయ్. సంబంధం చూస్తం."

అందుకే పొద్దున చిక్కడపల్లి లైబ్రరీ, సాయంత్రం మిషన్. ఒక బొటిక్ మేడం మాకు బట్ట, దారం, అద్దాలు ఇస్తుంది. మేము చిన్న చిన్న ముక్కలు కోసి, అతికి, మధ్యలో మన లంబాడా అద్దాల పని చేసి కుషన్ కవర్లు కుట్టిస్తాం. కవరుకు 90 రూపాయలు. ముగ్గురం కలిసి కూర్చుంటే నెలకు 90 కవర్లు అవుతాయి. మొత్తం 8,100. తలా 2,700. కిరాయి పోతే చేతిలో మిగిలేది 200. ఈ 200ను గుర్తుపెట్టుకోండి. కథంతా దీని చుట్టే తిరుగుతుంది.

ముక్కల పనిలో కోత సరిగ్గా లేకపోతే అంతా పాడే. నాలుగు అంగుళాల ముక్క రెండు నూలుపోగులు తక్కువైనా కుట్టేటప్పుడు మూలలు కలవవు. కత్తెరతో కోస్తే గీత వంకర పోతుంది, టైమూ పడుతుంది. అందుకే అందరం పైసలు వేసుకుని రోటరీ కట్టర్ కొన్నాం. చూడనివాళ్ల కోసం చెప్తున్నాం. పిడికి ముందు గుండ్రటి బ్లేడు ఉంటుంది, పిజ్జా కోసే చక్రం లాగ. కింద మెత్తటి కటింగ్ మ్యాట్, పైన స్కేలు పెట్టి చక్రాన్ని ముందుకు దొర్లిస్తే నాలుగు పొరల బట్ట ఒకేసారి గీత గీసినట్టు తెగుతుంది. ఈ బ్లేడ్లు 18, 28, 45, 60 మిల్లీమీటర్ల సైజుల్లో వస్తాయి. మాది 45.

ఈ కట్టర్‌ను మొదట తెచ్చింది జపాన్‌కు చెందిన ఓల్ఫా కంపెనీ, 1979లో. ఆ కంపెనీ మొదలైందే బ్లేడు ఆదా నుంచి. ప్రింటింగ్ పనిలో ఉన్న ఒకాడా యోషియో అనే ఆయన కాగితాలు కోసే రేజర్ బ్లేడ్లు అంచు పోగానే పారేయాల్సి వస్తోందని ఆలోచించాడట. చాక్లెట్ బిళ్ల గీతల దగ్గర విరిగినట్టు, మొద్దుబారిన కొసను విరిచేస్తే వెనక నుంచి కొత్త కొస వచ్చే బ్లేడును 1956లో తయారు చేశాడు. మనం స్టేషనరీ షాపుల్లో కొనే విరిచే బ్లేడు కత్తి అదే. కానీ గుండ్రటి బ్లేడును విరిచే వీలు లేదు కదా. మొద్దుబారితే మొత్తం తీసి పక్కన పెట్టాల్సిందే.

మా కష్టం అక్కడే మొదలైంది. మంచి బ్లేడు ఒకటి 320 పెట్టి కొన్నాం. ఎనిమిది రోజులకే బట్ట మీద అక్కడక్కడ పోగులు తెగకుండా ఆగిపోయాయి. ఇంకోటి కొన్నాం, అదీ అంతే. నెలకు నాలుగు బ్లేడ్లు, 1,280 రూపాయలు. తలా 427. చేతిలో ఉండేది 200. అంటే ప్రతి నెలా ఒక్కొక్కరికి 227 తక్కువ. పెద్దామె, మధ్యామె ఎట్లనో సర్దుకుంటారు. చిన్నామె ఆ 227 కోసం ఇంటికి ఫోన్ చేయాలి. ఫోన్ చేస్తే ఏమవుతుందో పైన రాశాం.

సరే, సాన పడదాం అనుకున్నాం. ఇంట్లో కొడవలికి, గొడ్డలికి, కత్తిపీటకు సాన పట్టుకునే వాళ్ల పిల్లలం. ఈ చిన్న రేకు ముక్క ఎంత అనుకున్నాం.

మొదట రొట్టెలు చుట్టే అల్యూమినియం ఫాయిల్‌ను ఎనిమిది మడతలు పెట్టి దాని మీద కట్టర్ దొర్లించాం. యూట్యూబ్‌లో అందరూ చెప్పేది ఇదే. చేయగానే బ్లేడు కొంచెం బాగైనట్టు అనిపించింది. పది ముక్కలు కోసేసరికి మళ్లీ మొదటికే వచ్చింది. తర్వాత మాకు అర్థమైంది ఏంటంటే, అల్యూమినియం చాలా మెత్తటి లోహం. గట్టి స్టీలు బ్లేడును అది అరగదీయలేదు. అంచుకు అంటుకున్న జిగురు, నూలు పొట్టు తుడుచుకుపోతాయి, కొంచెం ఒరిగిన అంచు నిలబడుతుంది. అంతే. అది తుడవడం, సాన పట్టడం కాదు.

రెండోది, గల్లీలోకి సైకిల్ మీద సాన చక్రం వేసుకుని వచ్చే తాత. ఆయన బ్లేడు చూసి, "బిడ్డా, ఇది మరీ పల్చగుంది, చక్రం మీద ఆగదు" అన్నాడు. మేమే బతిమాలి పట్టించాం. నిప్పురవ్వలు లేచాయి. చూస్తుండగానే అంచు వెంట నీలం రంగు తిరిగింది. స్టీలుకు వేడి ఎక్కువైతే అట్లా నీలం తిరుగుతుంది, దానికి ఉన్న గట్టితనం పోతుంది. ఆ బ్లేడు బాగా మెరిసింది కానీ రెండు గీతలకే అంచు మడతపడింది. తాత పైసలు తీసుకోలేదు. "మీ కొడవళ్లు తెండి, పడతా" అని నవ్వుతూ వెళ్లిపోయాడు.

మూడోసారి కొంచెం పద్ధతిగా చేశాం. హార్డ్‌వేర్ షాపులో వాటర్ పేపర్ కొన్నాం. ఒకటి 1000 నంబరు, ఒకటి 2000 నంబరు. పాత అద్దం పలక మీద తడిపి పరిచాం. బ్లేడు మధ్య రంధ్రంలో బోల్టు పెట్టి, రెండు వైపులా వాషర్లు వేసి బిగించాం, పట్టుకోవడానికి వీలుగా. అంచు చుట్టూ మార్కర్ పెన్నుతో నల్లగా రంగు వేశాం. పేపర్ మీద కొంచెం వాల్చి తిప్పుతూ రుద్దితే ఎక్కడ రంగు పోయిందో అక్కడ అరిగినట్టు, ఎక్కడ రంగు ఉందో అక్కడ ఇంకా తగల్లేదన్నట్టు. ఒక వైపు అయ్యాక రెండో వైపు అంతే లెక్క. ముందు 1000, చివర 2000. గంటన్నర పట్టింది. ఒక పొర బట్ట మీద చూస్తే తెగింది. ముగ్గురం ఎగిరి గంతేశాం. 320 మిగిలినట్టే అనుకున్నాం.

ఆ సంబరం మరుసటి రోజు దిగింది. చేత్తో రుద్దిన అంచు అంతటా ఒక్కలాగ అరగలేదు. వేలు గట్టిగా నొక్కిన చోట ఎక్కువ అరిగింది. చక్రం సరైన గుండ్రంగా లేకపోతే ఆ పల్లం వచ్చిన చోట అంచు మ్యాట్‌కు తగలదు, కింది పొర తెగదు. నాలుగు పొరలు పెట్టి కోస్తుంటే తెగడం లేదని చిన్నామె ఒళ్లు బరువంతా వేసి నొక్కింది. స్కేలు జారింది. బ్లేడు స్కేలు మీదికి ఎక్కి, ఎడమ చేతి చూపుడు వేలి కొసను కోసుకుంటూ పోయింది.

రక్తం మేడం ఇచ్చిన తెల్ల బట్ట మీద పడింది. జారినప్పుడు ముక్కలు కూడా పొట్టిగా తెగాయి. క్లినిక్‌లో డ్రెస్సింగ్, టీటీ ఇంజెక్షన్ కలిపి 350. పాడైన బట్టకు 1,150 కోత పెట్టారు. మొత్తం 1,500. ఒక్క బ్లేడు మిగిల్చబోయి దాదాపు ఐదు బ్లేడ్ల పైసలు పోగొట్టుకున్నాం. పది రోజులు చిన్నామె సూది పట్టలేదు. ఒకరోజు రాత్రి ఆమె బ్యాగు సర్దుకోవడం చూశాం. "అక్కా, నా వల్ల మీరు కూడా ఎందుకు మునుగుడు" అన్నది. ఆ నెల ఆమె కిరాయి మేమిద్దరం వేశాం. వచ్చే నెల ఏం చేయాలో మాకూ తెలియదు. ఆ మాట ఆమెకు చెప్పలేదు.

వేలు తెగిందని తెలిసి ఆమె యాడి తండా నుంచి వచ్చింది. జొన్న రొట్టెలు, పచ్చడి మూట కట్టుకుని వచ్చింది. బిడ్డను తీసుకుపోవడానికే వచ్చిందని మాకు అర్థమైంది. కానీ వచ్చీరాగానే ఆ మాట ఎత్తలేదు. రూములో ఇంకెక్కడ జాగా ఉంది, కటింగ్ మ్యాట్ మీదే కూర్చుంది. కూర్చున్న రెండు నిమిషాలకు అరచెయ్యి పైకెత్తి చూసుకుంది. చేతికి ఏదో గుచ్చుకుంది. గోరుతో తీసి దీపం దగ్గర పెట్టి చూపించింది. ఇసుక రేణువంత అద్దం పలుకు.

"మీరు అద్దాలు కుట్టేది ఈడనేనా?" అని మన భాషలో అడిగింది.

అవునన్నాం. ఉన్నది ఒకటే బల్ల. దాని మీదే కోస్తాం, దాని మీదే అద్దాలు కుడతాం. అద్దం పెద్దగా ఉంటే దాని మీదే అంచులు చిదిపి చిన్నది చేస్తాం.

"రాళ్ల మీద కొడవలి ఆడిచ్చి పదును ఉండాలంటే ఎట్ల ఉంటది బేటీ? జొన్నకు అంత తొందరగా మొద్దువడదు. రాయికి తగిలితేనే మొద్దువడతది" అన్నది.

మేము ముగ్గురం ఒకరి మొఖం ఒకరం చూసుకున్నాం. అప్పటిదాకా బ్లేడుకు ఎట్లా సాన పట్టాలి అనే ఆలోచించాం. ఎనిమిది రోజులకే ఎందుకు పోతుంది అని ఒక్కసారి కూడా అడుక్కోలేదు.

ఆ రాత్రి పాత బ్లేడ్లన్నీ తీసి ఒక్కొక్కటి బట్ట మీద దొర్లించి చూశాం. మధ్యామె టేపు పట్టుకుని తెగని చోట్ల మధ్య దూరం కొలిచింది. నాలుగు బ్లేడ్లలో ఒకే ముచ్చట. సరిగ్గా 14 సెంటీమీటర్లకు ఒకసారి పోగులు ఆగుతున్నాయి. ఆమె లెక్క వేసింది. 45 మిల్లీమీటర్ల చక్రం ఒక చుట్టు తిరిగితే 45 ఇంటూ 3.14, అంటే 141 మిల్లీమీటర్లు. 14 సెంటీమీటర్లకు ఒకసారి ఆగుతుందంటే బ్లేడు అంతా మొద్దుబారలేదు. ఒక్క చోట మాత్రమే పన్ను ఊడినట్టు గంటు పడింది. మిగతా అంచంతా కొత్తదానిలాగే ఉంది. ఆ గంట్లు అద్దం పలుకుల వల్ల, బట్టలో మరిచిపోయిన గుండుసూదుల వల్ల పడినవే.

ఇంకో రెండు బ్లేడ్లకు అసలు గంటే లేదు. పిడికీ బ్లేడుకూ మధ్య నూలు పొట్టు పేరుకుని చక్రం తిరగడం లేదు. పైగా జారుతుందేమో అని మేము నట్టు గట్టిగా బిగించాం. తిరగని చక్రం ఒకే చోట ఈడ్చుకుంటూ పోతుంది, ఆ చోట అంచు పోతుంది. తీసి తుడిచి, కుట్టు మిషన్ నూనె ఒక చుక్క వేసి, నట్టు కొంచెం వదులు చేస్తే ఒకటి మంచిగా తెగింది. పారేద్దామనుకున్న బ్లేడది.

మరుసటి రోజు యాడి ఇంకో పని చేసింది. కవరు అంచులకు వేసే పొడుగు పట్టీలు మేము కట్టర్‌తో కోస్తుంటే చూసి, బట్ట చేతిలోకి తీసుకుంది. అంచు దగ్గర కత్తెరతో చిన్న గాటు పెట్టి, రెండు చేతులతో చర్రున చింపింది. పోగు వెంబడి తిన్నగా చినిగింది. వాళ్ల కాలంలో ఫేటియాకు, కాంచళికి పట్టీలు ఇట్లనే చింపేవాళ్లట. మామూలు నేత నూలు బట్ట అయితే చింపితే పోగు వెంట తిన్నగా వస్తుంది. అంచు కొంచెం సాగి పీచు లేస్తుంది కాబట్టి పావు అంగుళం ఎక్కువ వదలాలి, తర్వాత ఇస్త్రీ చేయాలి. పాలిస్టర్‌కు, పోగుకు అడ్డంగా ప్రింటు ఉన్న బట్టకు ఇది పనికిరాదు. మా పనిలో సగం కోత నూలు పట్టీలదే. ఆ సగానికి ఇప్పుడు బ్లేడే అక్కర్లేదు.

యాడి మూడో రోజు బస్సెక్కింది. ఒక్కతే. పోయేముందు చిన్నామెతో, "వేలు మానినంక కుట్టు. పైసలు తక్కువైతే ఈ యక్కలను అడుగు, మీ బాపును అడగకు" అన్నది. అంతకు మించి ఏం మాట్లాడలేదు.

మేము ఇప్పుడు పాటిస్తున్నవి రాస్తున్నాం. మీకు పనికొస్తే వాడుకోండి.

కోత ఒక రోజు, అద్దాల పని ఇంకో రోజు. అద్దాలు వేరే పాత దుప్పటి పరిచి దాని మీదే కుడతాం, చిదుపుతాం. కోసే ముందు మ్యాట్‌ను తడి బట్టతో తుడుస్తాం. గుండుసూదులు లెక్కపెట్టి గుచ్చుతాం, లెక్కపెట్టి తీస్తాం. నేల మీద, గ్రానైట్ బండ మీద కట్టర్ పెట్టం. స్టీలు స్కేలు కాకుండా మందపాటి ప్లాస్టిక్ స్కేలు వాడుతున్నాం, స్టీలు అంచుకు తగిలితే బ్లేడుకు గంటు పడుతుంది కాబట్టి. వారానికి ఒకసారి బ్లేడు విప్పి పొట్టు తుడిచి, చుక్క నూనె వేస్తాం. తెగకపోతే నొక్కం. తెగడం లేదంటే ఆగి ఎందుకో చూస్తాం. కట్టర్ చేతిలోంచి దిగగానే మూత వేస్తాం. ఈ ఒక్కటి మాత్రం వేలు తెగిన తర్వాత నేర్చుకున్నది.

మరి సాన పట్టడం మానేశామా అంటే పూర్తిగా మానలేదు. గంటు లేకుండా అంతటా సమానంగా మొద్దుబారిన బ్లేడునే, ఒక్కసారి మాత్రమే, వాటర్ పేపర్ మీద పడతాం. చేతికి తోలు ముక్క కట్టుకుని, పెద్దామె ఒక్కతే చేస్తుంది. అట్లా పట్టిన బ్లేడును మేడం బట్టకు వాడం. పేపర్ నమూనాలు కోయడానికి, మా సొంత పాత బట్టలకు వాడతాం. గంటు పడినదాన్ని రుద్ది బాగుచేయాలంటే చక్రం చుట్టూ ఆ గంటు లోతు వరకు అరగదీయాలి. చేత్తో అది కుదరదు. దాని మీద గంటన్నర పెట్టే బదులు రెండు కవర్లు కుట్టుకుంటే 180 వస్తుంది.

పనికిరాని బ్లేడ్లను చెత్తబుట్టలో వేయకండి. మున్సిపాలిటీ చెత్త బండి మీద పనిచేసేవాళ్లు ఉత్త చేతులతోనే కవర్లు విప్పుతారు. అందులో మన తండాల నుంచి వచ్చినవాళ్లూ ఉన్నారు. మేము పాత బిస్కెట్ డబ్బాలో వేసి, మూతకు టేపు వేసి, పైన "బ్లేడ్లు" అని పెద్దగా రాసి పెట్టాం. నిండినాక పాత ఇనుప సామాన్ల దుకాణంలో చేతికిచ్చి చెప్తాం.

ఇప్పటికి నాలుగు నెలలైంది. నెలకు ఒక్క బ్లేడు సరిపోతోంది. 320, తలా 107. చేతిలో మిగిలే 200లోంచి అది పోతే 93 రూపాయలు. ఎక్కువేం కాదు. కానీ ముందు 227 తక్కువ పడేది, ఇప్పుడు 93 మిగులుతోంది. చిన్నామె ఇంటికి ఫోన్ చేస్తూనే ఉంది. పైసల కోసం కాదు, పట్టీలు చింపేటప్పుడు వంకర పోతే ఏం చేయాలో యాడిని అడగడానికి.

మీ ఇళ్లలో అమ్మలు, నాయనలు, తాతలు కత్తులకు, కొడవళ్లకు, గొడ్డళ్లకు ఏ రాయి మీద, ఎట్లా సాన పడతారో కింద రాయండి. కోయ, గోండు, చెంచు, లంబాడా, ఎవరి పద్ధతి వాళ్లకు ఉంటుంది కదా. పల్చటి గుండ్రటి బ్లేడుకు మా కంటే మంచి ఉపాయం తెలిసినవాళ్లుంటే అది కూడా చెప్పండి. మిషన్ కుట్టే చెల్లెళ్లకు ఈ పోస్టు చూపించండి.

అందరికీ జోహార్. జై సేవాలాల్.